ఒక చెట్టు కావలెను (నీడతో సహా)

"ఏరా, మీ హైదరాబాదులో కార్తీకమాసం వనభోజనాలకి ఎక్కడికెళ్తారు?"

మా అమ్మ ఈ ప్రశ్న అడిగినప్పుడు నేను ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే "బోలెడు పార్కులున్నాయమ్మా, ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అనేశాను. మా వృత్తిలో దీన్ని ఎస్టిమేషన్ అంటారు. కోడ్ తెరిచి చూడకుండానే "ఆఁ, రెండ్రోజుల పని" అని చెప్పెయ్యడం అన్నమాట. ఆ రెండ్రోజుల పనికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ కథే ఇది.

కొంచెం వెనక్కెళ్ళాలి. మాది తెనాలి దగ్గర ఓ పల్లెటూరు. నాన్న పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక, ఆ ఇంట్లో ఒక్కతీ ఎందుకని బతిమాలి అమ్మని మియాపూర్ తెచ్చుకున్నాను. ఏడో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీలో నిలబడితే ఎదురుగా ఇంకో ఏడో అంతస్తు. అమ్మ నోరు తెరిచి నాకిది కావాలి అని అడిగే మనిషి కాదు. టీవీ ఛానెల్ మార్చమని కూడా అడగదు. ఇక్కడికొచ్చాక ఆవిడ అడిగిన మొదటి కోరిక ఇదే. అదీ కోరికలాగా కాదు, జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలాగా అడిగింది. నా బుర్రకి అది కోరిక అని వెలగడానికి రాత్రి భోజనాల దాకా పట్టింది.

మా ఊళ్ళో వనభోజనాలంటే కాలవగట్టు అవతల మామిడితోట. కంద బచ్చలి కూర, పులిహోర, బూరెలు, గిన్నెడు పెరుగన్నం. ఓ ఉసిరికొమ్మ పాతి, దాని మొదట్లో పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని విస్తళ్ళు వేసేవారు. అందులో ఎవరి పని వాళ్ళకుండేది. చెట్టు చూసి రావడం నాన్న పని. ముందురోజు మధ్యాహ్నం సైకిలేసుకుని వెళ్ళి, కాసేపు ఉండి వచ్చి, "ఈసారి కాలవ వైపు నుంచి మూడో చెట్టు" అని ప్రకటించేవాడు. అన్నీ మామిడిచెట్లే కదా, ఇందులో చూడ్డానికేముంది, ఎండలో ఓ షికారు కొట్టొచ్చే సాకు అని నేననుకునేవాణ్ణి.

సరే, ఇప్పుడు చెట్టు చూసే పని నాకొచ్చింది. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, సైకిల్ బదులు ఎక్సెల్ షీట్ తెరిచాను :) పార్కు పేరు, విస్తీర్ణం, మా ఇంటినుంచి దూరం, రేటింగ్. సంజీవయ్య పార్కు 92 ఎకరాలు, హుస్సేన్ సాగర్ ఒడ్డున. ఇందిరా పార్కు 76 ఎకరాలు, ఊరి నడిబొడ్డున. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ 270 ఎకరాల పైమాటే, మాకు దగ్గర. కేబీఆర్ పార్కు సుమారు 390 ఎకరాలు. ఇదైతే మొదట్లోనే కొట్టేశాను. 1998లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అంటే అది చట్టప్రకారం నెమళ్ళ ఇల్లు, మనం చుట్టం చూపుగా ఓ రౌండు నడిచి రావాలంతే. అన్నం మూటలు విప్పే చోటు కాదు, విప్పకూడదు కూడా. మిగతావాటికి మార్కులేసి, వరసలో పెట్టి, మొదటి ర్యాంకు వచ్చిన పార్కుకి మొదటి ఆదివారం బయల్దేరాం.

ఆ పార్కు పేరు చెప్పను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మా సంచీ కేసి చూసి "ఏముంది సార్ ఇందులో?" అన్నాడు. "పులిహోర" అన్నాను గర్వంగా. "ఫుడ్డు లోపలికి నాట్ అలౌడ్ సార్. లోపల క్యాంటీనుంది." ఆయన్ననేం లాభం, ఆయన ఉద్యోగం ఆయనది. చిప్స్ ప్యాకెట్లూ ప్లాస్టిక్ ప్లేట్లూ ఎక్కడబడితే అక్కడ పడేసే మనలాంటి మహానుభావులుండబట్టే ఆ రూలు వచ్చింది. కానీ క్యాంటీన్లో అమ్మే చిప్స్ ప్యాకెట్టు చెత్త కాకుండా, మా స్టీలు గిన్నెలో పులిహోర ఎలా చెత్తయ్యిందో నాకిప్పటికీ లాజిక్ అందలేదు.

ఆవేళ మేం కార్లో కూర్చుని ఏసీ వేసుకుని పులిహోర తిన్నాం. కారు మాత్రం చెట్టు కిందే ఆపాన్లెండి. అమ్మ "బానే ఉందిరా, చల్లగా" అంది. మా అమ్మ 'బానే ఉంది' అంటే ఎలా ఉందో మీకూ అమ్మ ఉంటే తెలిసే ఉంటుంది.

రెండో ఆదివారం నేల విడిచి సాము వద్దనుకుని చిన్న పార్కుల మీద పడ్డాను. ఓ కాలనీ పార్కు చూశాను, ఎంత బావుందో. కానుగ చెట్లు, బెంచీలు, శుభ్రమైన గచ్చు. గేటుకి మాత్రం తాళం. పక్కన బోర్డు: పొద్దున ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా, సాయంత్రం ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా. అంటే సరిగ్గా మనుషులు అన్నం తినే వేళకి పార్కు మూసేస్తారన్నమాట! మన ఊళ్ళో చాలా చిన్న పార్కులది ఇదే టైంటేబుల్. ఎందుకంటే అవి వాకింగ్ కోసం. చుట్టూ ట్రాకు, మధ్యలో 'గడ్డి మీద నడవరాదు' బోర్డు, ఓ మూల జిమ్ము సామాన్లు. పార్కుకి వచ్చినవాడు కదులుతూ ఉండాలి. ఆగి కూర్చుంటే అనుమానం. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదని బ్యానర్ కట్టి, నలుగురూ తిట్టాక తీసేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ బ్యానర్ పోయింది గానీ, ఆ చూపు చాలా గేట్ల దగ్గర ఇంకా అలాగే ఉంది. 'ఎందుకొచ్చారు?' అనే చూపు. చెట్టు కింద కూర్చోవడానికి వచ్చాం బాబూ అంటే అదో కారణమేనా అన్నట్టు చూస్తారు.

అదే రోజు ఇంకో పార్కులో ఎలాగో చోటు దొరికింది. తిండి తీసుకెళ్ళనిచ్చారు. గడ్డి అప్పుడే తడిపారు, సరే, ప్లాస్టిక్ పట్టా వేశాను. పన్నెండింటికి చెట్టు కింద నీడ చూసుకుని సర్దుకున్నాం. ఒంటిగంటకి విస్తళ్ళు వేసేసరికి నీడ మమ్మల్నొదిలేసి అవతలికి పోయింది. పట్టా లాక్కుని జరిగాం. మళ్ళీ జరిగింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నేల మీద కూర్చోవడం ఒక ప్రాజెక్టు, లేవడం ఇంకో ప్రాజెక్టు. మూడోసారి జరగాల్సొచ్చినప్పుడు "పోన్లేరా, ఎండ మంచిదేగా" అంది.

ఇంతకీ అసలు విషయం ఇంటికొచ్చాక తెలిసింది. గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగింది. అదేంటమ్మా, బాటిల్ నీ పక్కనే ఉందిగా అంటే, "అక్కడ బాత్రూం ఎలా ఉంటుందో ఏమో అని పొద్దుట్నించీ తాగలేదు" అంది. నా ఎక్సెల్ షీట్లో ఎకరాల కాలమ్ ఉంది, రేటింగ్ కాలమ్ ఉంది. టాయిలెట్ కాలమ్ లేదు. అది లేదని ఇరవయ్యెనిమిదేళ్ళ మగవాడికి తట్టలేదు. ఊళ్ళో ఇంత వయసున్న ఆడవాళ్ళు ఇలా నీళ్ళు మానుకుని ఎన్నిచోట్లకి వెళ్ళొస్తున్నారో అనిపించి ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఆ షీటు డిలీట్ చేసేశాను.

ఈ లోపు ఫోన్లో ఓ ఆహ్వానం వచ్చి పడింది. మా కులసంఘం వారి కార్తీక వనసమారాధన. ఊరి చివర ఓ ఫంక్షన్ గార్డెన్లో. పార్కింగ్ ఉంది, టాయిలెట్లున్నాయి, కుర్చీలున్నాయి, పెద్దవాళ్ళకి స్పెషల్ గా వడ్డన. నాకు కావల్సిన రిక్వైర్మెంట్స్ అన్నీ ఉన్నాయి, చెట్టు తప్ప. కార్తీకంలో ఆదివారం వస్తే చాలు, మన రెండు రాష్ట్రాల్లోనూ ఏ కులానికా కులం ఇలా ఫ్లెక్సీలు కట్టుకుని భోంచెయ్యడం ఆనవాయితీ అయిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అమ్మ దగ్గర పెద్ద లెక్చరిచ్చాను. వనభోజనాలంటే ఊరంతా కలిసి చెట్టు కింద తినడం, మన మామిడితోటలో తిన్నట్టు తినాలి గానీ ఇదేంటి, కులానికో షామియానా, అంటూ.

అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విని, "మన తోటలో ఊరంతా కలిసి తిన్నారని నీకెవరు చెప్పార్రా?" అంది.

నేను నోరు మూశాను.

"తోటలో పనిచేసేవాళ్ళు అవతల చింతచెట్టు కింద కూర్చునేవాళ్ళు. మన పంక్తి లేచాక వాళ్ళకి పెట్టేవాళ్ళం. అది నాయుడుగారి తోట. ఆయన రమ్మన్నవాళ్ళమే వెళ్ళేవాళ్ళం. నువ్వు చిన్నోడివి, నీకేం తెలుసు."

తెలుసు. ఆ చింతచెట్టు కింద నా ఈడు పిల్లలు గోళీలాడుతుంటే నేనూ పరిగెత్తాను, ఎవరో వెనక్కి పిలిచి కూర్చోబెట్టారు. అదిప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ వనభోజనాలనగానే నాకు బూరెలు గుర్తొచ్చేవి, చింతచెట్టు గుర్తొచ్చేది కాదు.

అందుకే పార్కుల గురించి ఇంత ఆరాటం ఎందుకు అనేవాళ్ళకి నా సమాధానం ఇది. ఊళ్ళో తోట ఒకరి సొంతం. ఫంక్షన్ గార్డెన్ అద్దె కట్టినవాళ్ళ సొంతం. రిసార్టు డబ్బున్నవాళ్ళది. పక్కన ఎవరు కూర్చుని తింటున్నారో మనం ఎంచుకోలేని చోటు, మనల్నెవరూ ఎంచని చోటు, ఊరు మొత్తానికీ పబ్లిక్ పార్కు ఒక్కటే. దానికి మధ్యాహ్నం తాళం వేసి, మూటలతో వచ్చినవాళ్ళని గేటు దగ్గరే తిప్పి పంపితే జనం ఎక్కడికి పోతారు? ఎవరి షామియానాకి వాళ్ళు పోతారు. కులభోజనాలకి ఇదొక్కటే కారణమని నేననను. కానీ కలిసి తినే చోటు లేకుండా చేసి, కలిసి తినట్లేదని బాధపడ్డంలో అర్థం లేదు.

సరే, ఉపన్యాసం ఆపి చెట్టు దగ్గరికి వద్దాం. మూడోవారం బుద్ధి తెచ్చుకుని నాన్న పద్ధతే పట్టుకున్నాను. శనివారం మధ్యాహ్నం, సరిగ్గా మర్నాడు అన్నం తినబోయే వేళకి, ఒక్కణ్ణే వెళ్ళాను. ఈసారి ఎకరాలు చూడలేదు. అమ్మ మెట్లెక్కకుండా చేరగలిగే చోటు ఏదీ అని మాత్రం చూసుకున్నాను. మియాపూర్ లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారక్కర్లేకుండా అసెంబ్లీ స్టేషన్. లిఫ్టుంది. దిగితే దగ్గర్లోనే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్.

అన్నట్టు, దీని పాత పేరు బాగ్-ఏ-ఆమ్. ఆమ్ అంటే మామిడి కాబట్టి ఒకప్పుడిది మామిడితోట కాబోలని చాలా ఏళ్ళు నమ్మాను. మా టీంలో పాతబస్తీ కుర్రాడొకడు పడీ పడీ నవ్వి, "అన్నా, ఆ ఆమ్ వేరే, ఈ ఆమ్ వేరే. ఆమ్ అంటే మామూలు జనం. జనం తోట" అని చెప్పాడు. నిజాముల కాలంలో వేసిన తోటకి ఆ పేరు. ఓ పక్క అసెంబ్లీ భవనం, లోపల మసీదు, జూబిలీ హాలు, ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం. వీటన్నిటి మధ్యా పెద్దపెద్ద చెట్లు.

ఒంటిగంటకి ఆ చెట్ల కింద నిలబడితే నాన్న ముందురోజు మధ్యాహ్నమే ఎందుకెళ్ళేవాడో అప్పుడర్థమైంది. పొద్దున చూసిన నీడ మధ్యాహ్నం ఉండదు. కార్తీకంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, అంచేత మిట్టమధ్యాహ్నం నీడ చెట్టుకి ఉత్తరాన పడుతుంది. పొద్దు వాలేకొద్దీ తూర్పుకి జరుగుతుంది. కాబట్టి చెట్టుకి ఈశాన్యంలో కూర్చుంటే పన్నెండు నుంచి మూడింటి దాకా కదలక్కర్లేదు. ఇది వాస్తు కాదండోయ్, ఎనిమిదో తరగతి సైన్సు :)

మిగతావి కూడా చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. పార్కు ఎంత పెద్దదన్నది కాదు, గేటు నుంచి చెట్టుకి ఎన్ని అడుగులన్నది లెక్క. చేతిలో గిన్నెల సంచీ, పక్కన మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఉంటే 90 ఎకరాలు మనకి శత్రువే. టాయిలెట్ ఉందా అని అడక్కండి, తలుపు తీసి చూడండి. నీళ్ళొస్తున్నాయా, లోపల గడియ పడుతుందా చూడండి. చెట్టు మొదట్లో చీమలబారుందేమో, పైన కాకులో కొంగలో కాపురం పెట్టాయేమో ఓసారి తలెత్తి చూడండి. తురాయి పూలున్నప్పుడు అందమే గానీ నీడ పల్చన. ఉసిరి నీడ ఇంకా పల్చన. పైగా ఆకు రాలి పెరుగన్నంలో పడుతుంది. వేప, కానుగ, నిద్రగన్నేరు అయితే భేష్. నేల మీద కూర్చోలేని వాళ్ళుంటే బెంచీకి దగ్గర్లో ఉన్న చెట్టే మంచి చెట్టు, అది ఎంత అనాకారిదైనా సరే. చివరగా, తినడానికి ఒప్పుకుంటారా అని ముందురోజే అడగండి.

నేనూ అడిగాను. అక్కడ ఊడుస్తున్న ఓ పెద్దమ్మని. "తినుండ్రి బిడ్డా, గానీ ఇస్తరాకులు ఈడ పడేస్తే ఊకోను" అంది. "మా దిక్కు గూడ చెట్ల కిందికి పోయి వండుకుంటం. ఈడ పొయ్యి మాత్రం పెట్టొద్దు." సరేనన్నాను.

ఉసిరిచెట్టు సంగతేమిటంటారా? క్షీరాబ్ది ద్వాదశికి తులసికోటలో పెట్టడానికి బజార్లో కాయలతో సహా ఉసిరికొమ్మలు అమ్ముతారుగా, అదొకటి కొనుక్కొచ్చాను. మా ఊళ్ళో మాత్రం ఏం చేశారు, మామిడిచెట్టు కింద ఉసిరికొమ్మే కదా.

ఆదివారం పదకొండున్నరకి అమ్మా నేనూ మెట్రో దిగాం. ఈశాన్యంలో దుప్పటి పరిచాం. కొమ్మ చెట్టుకి ఆనించి అమ్మ పసుపూ కుంకుమా పెట్టింది. దీపం ఇంట్లోనే పెట్టేసి వచ్చింది, ఇక్కడ నిప్పొద్దని చెప్పానుగా. కాసేపటికి పక్క చెట్టు కింద ఓ ముస్లిం కుటుంబం వచ్చి దస్తర్‌ఖాన్ వేసుకున్నారు. వాళ్ళ ముసలావిడ మడతకుర్చీలో కూర్చుంది. బెంచీ మీదనుంచి లేచి మా అమ్మ అవస్థపడి నేల మీదకి దిగడం ఆవిడ చూసినట్టుంది, మనవణ్ణి పిలిచి ఇంకో మడతకుర్చీ పంపించింది. అమ్మ ఓ డబ్బాలో బూరెలు పెట్టి ఇచ్చింది. డబ్బా తిరిగొచ్చేటప్పుడు నాలుగు జామకాయలతో వచ్చింది. తర్వాత ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని అరగంట మాట్లాడుకున్నారు. మా అమ్మకి ఉర్దూ ఒక్క ముక్క రాదు. ఆవిడ తెలుగు అంతంత మాత్రం. విషయం మోకాళ్ళు కాబట్టి పెద్ద ఇబ్బంది కలగలేదు.

దీంతో దేశం బాగుపడిపోయిందని నేననను. వాళ్ళ పేర్లు కూడా మేం అడగలేదు. కానీ ఆ అరగంట ఏ ఫంక్షన్ గార్డెన్లోనూ జరిగేది కాదు. మామిడితోటలోనూ జరిగేది కాదు.

అమ్మ మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తాగింది. నేను లెక్కపెట్టాను.

విస్తళ్ళు మూటగట్టి, పెద్దమ్మకి చూపించి, ఆవిడ చెప్పిన డబ్బాలో వేసి మూడున్నరకి లేచాం. మెట్రోలో కూర్చున్నాక అమ్మని అడిగాను, "చెట్టు ఎలా ఉంది?" అని. బానే ఉంది అంటుందేమోనని భయంగానే ఉంది.

"నీడ కదల్లేదురా" అంది. కాసేపాగి, "వచ్చే ఏడు ఇదే చెట్టులే అని ఊరుకునేవు. ముందురోజు మళ్ళీ చూసి రావాలి. మీ నాన్న ఒక ఏడు బద్ధకించి చూడకుండానే మూడో చెట్టన్నాడు. తీరా వెళ్తే దాన్నిండా తేనెపట్టు. గిన్నెలక్కడే వదిలేసి కాలవగట్టు దాకా పరుగో పరుగు!" అని నవ్వింది. నాన్న పోయాక ఆయన మాట చెప్పి అమ్మ నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

అదండీ సంగతి. మీ ఊళ్ళో, మీ పేటలో మధ్యాహ్నం తాళం వెయ్యని పార్కూ, దాన్లో మంచి చెట్టూ ఉంటే నాకూ చెప్పండి. చెప్పేముందు ఒకసారి ఒంటిగంటకి వెళ్ళి నిలబడి చూసి మరీ చెప్పండి.